సమాధానం: జెడ్5లో పాత 50ఎంఎం డి లెన్స్‌కి ఆటోఫోకస్ రావట్లేదు

నికాన్ జెడ్5 కెమెరాకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత నికాన్ లెన్స్‌లని జెడ్ కెమెరాకి తగిలించే రింగ్) పాత 50ఎంఎం 1.8డి లెన్స్ పెడితే ఆటోఫోకస్ రావట్లేదని అడిగారు కదా. మీ లెన్స్ పాడవలేదండీ, అడాప్టర్ కూడా బాగానే ఉంది. 50ఎంఎం 1.8డిలో ఫోకస్ తిప్పే మోటార్ ఉండదు. డి750, డి7200 లాంటి నికాన్ డీఎస్ఎల్ఆర్ కెమెరా బాడీల్లో మోటార్ ఉండి, మౌంట్ (లెన్స్ బిగించే చోటు) అంచున ఉన్న చిన్న స్క్రూతో లెన్స్‌ని తిప్పేది. లెన్స్ వెనక గాడి ఉన్న చిన్న చుక్క కనిపిస్తుంది చూడండి, ఆ స్క్రూ పట్టుకునేది దాన్నే. జెడ్ బాడీల్లో గానీ, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో గానీ నికాన్ ఆ మోటార్ పెట్టలేదు. 1959 నుంచి ఎఫ్ మౌంట్‌ని (ఈ పాత లెన్స్‌లు బిగించే పద్ధతి) నిలబెట్టుకొచ్చిన కంపెనీ ఇలా చేయడం నాకూ బాధే.

అయినా లెన్స్ అమ్మేయకండి. లెన్స్ మీది అపర్చర్ రింగ్‌ని 22 దగ్గర లాక్ చేస్తే అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం సైజు) కెమెరా నుంచే మార్చుకోవచ్చు, మీటరింగ్ (వెలుగు కొలవడం) పనిచేస్తుంది. కస్టమ్ సెట్టింగ్స్‌లో పీకింగ్ హైలైట్స్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని రంగుతో చూపించేది) ఆన్ చేసి, మాగ్నిఫై బటన్‌తో ఫోటో తీసే మనిషి కన్ను దగ్గర జూమ్ చేసి, ఫోకస్ రింగ్ తిప్పండి. ఫోకస్ కుదరగానే ఫోకస్ పాయింట్ ఆకుపచ్చగా మారుతుంది. కూర్చున్న మనిషి పోర్ట్రెయిట్‌కి ఇది చాలు.

పరిగెత్తే పిల్లలకి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఏఎఫ్-ఎస్ 50ఎంఎం 1.8జి చూడండి. మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి ఇదే అడాప్టర్‌తో ఆటోఫోకస్ వస్తుంది.