డేటా సైన్స్ సీటు కొనాలా, అమ్మాయి అడిగిన స్టాటిస్టిక్స్ చదివించాలా?

ప్రశ్న: మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. లెక్కల్లో చురుకు. ఎప్‌సెట్‌లో ర్యాంకు అనుకున్నంత రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ డేటా సైన్స్ సీటు మాట్లాడుతున్నాం. తనేమో బీఎస్సీలో మ్యాథ్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ తీసుకుంటానని, లెక్కలతో వ్యాపారాల ప్రశ్నలకు జవాబు చెప్పే పని చేస్తానని అంటోంది. అలాంటి పని నిజంగా ఉంటుందా? మామూలు డిగ్రీతో బతకగలదా? మా బావమరిది కొడుకు బీటెక్ చేసి అమెరికాలో స్థిరపడ్డాడు. రెండు దారులనూ పోల్చి చెప్పండి.

జవాబు: ఏటా అడ్మిషన్ల రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, బ్రాంచి పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం ఒకటే. మీరు రాసిన ‘మామూలు డిగ్రీ’ అన్న మాటలోనే మీ టెన్షన్ అంతా ఉంది. చుట్టాల పిల్లలంతా బీటెక్‌లో చేరుతుంటే మన అమ్మాయి బీఎస్సీ అని ఎలా చెప్పుకోవాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరేమంటారు అన్నది మీ అసలు బాధ. తండ్రికి ఆ బాధ ఉండటం తప్పేమీ కాదు. కానీ అమ్మాయికి పని దొరుకుతుందా లేదా అన్నది వేరే విషయం. ఆ రెండిటినీ కలిపి చూస్తున్నారు కాబట్టే నిర్ణయం కష్టంగా ఉంది.

ముందు ఆ పని ఉంటుందా అన్నది చూద్దాం. హన్మకొండ, కరీంనగర్, ఖమ్మంలో షోరూములున్న బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, గిరాకీ తగ్గుతుంది కాబట్టి డిస్కౌంట్ సేల్ పెట్టాడు. నెలాఖరుకు చూస్తే అమ్మకాలు బాగా పెరిగాయి. సేల్ లాభించినట్టేనా? శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికో, ఇంట్లో పెళ్లికో ఎలాగూ పూర్తి ధర పెట్టి పట్టుచీర కొనాల్సిన ఆవిడే నాలుగు వారాలు ముందొచ్చి తక్కువకు కొనుక్కుని వెళ్లి ఉండొచ్చు. అప్పుడు ఆషాఢంలో పెరిగిన అమ్మకం శ్రావణంలో తగ్గిపోతుంది. మొత్తం చీరల సంఖ్య మారదు, మార్జిన్ మాత్రం పోతుంది. ధర తగ్గితే మనుషులు ఎక్కువ కొనడమే కాదు, కొనే సమయాన్ని కూడా మార్చుకుంటారని గుర్తుచేసేది ఎకనామిక్స్. మరి ఎన్ని చీరలు కొత్తగా అమ్ముడయ్యాయి, ఎన్ని కేవలం ముందుకు జరిగాయి అని కొలిచేది స్టాటిస్టిక్స్.

ఎలా కొలుస్తారు? వచ్చే ఏడు రెండు ఊళ్లలోనే సేల్ పెట్టి మూడో ఊరిని వదిలేస్తారు. ఆషాఢం, శ్రావణం రెండు నెలలూ కలిపి అమ్మకాలు, మార్జిన్ చూస్తారు. సేల్ పెట్టని ఊళ్లో కిందటేటికీ ఈ ఏటికీ వచ్చిన మార్పును, పెట్టిన ఊళ్లలో వచ్చిన మార్పులోంచి తీసేస్తారు. దీన్ని ‘డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్’ అంటారు. లెక్క ఇంతే, కష్టమంతా చుట్టూ ఉన్న సందేహాల్లో ఉంది. ఖమ్మం నిజంగా హన్మకొండలాంటిదేనా? ఆ నెల అక్కడ వానలెక్కువై జనం బయటికి రాలేదా? ఎదురుగా కొత్త షాపు తెరిచారా? మూడే షోరూములున్నప్పుడు కనిపించిన తేడాలో యాదృచ్ఛికంగా వచ్చింది ఎంత? ఇవన్నీ ఆలోచించి యజమానికి రెండు పేజీల్లో ‘సేల్ పెట్టండి’ అనో ‘మానేయండి’ అనో చెప్పగలిగిన మనిషికి జీతం ఇస్తారు. అమెరికాలో 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనం పెంచినప్పుడు హోటళ్లలో ఉద్యోగాలు తగ్గాయా అని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ పక్కనున్న పెన్సిల్వేనియాతో పోల్చి చూసింది ఈ పద్ధతిలోనే. ఇలాంటి పనికే కార్డ్‌కు 2021లో ఆర్థికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

పెద్ద కంపెనీల సంగతి ఇంకొకటి చెప్తాను. ఈబే అనేది ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే అమెరికా సైటు. ఇంటర్నెట్‌లో ఎవరైనా ‘ఈబే’ అని వెతికితే పైన ఈబే ప్రకటన కనిపించేది, ఒక్కో క్లిక్కుకూ ఆ కంపెనీ డబ్బు కట్టేది. ప్రకటన నొక్కినవాళ్లు సరుకు కొంటున్నారు కాబట్టి ఖర్చు గిట్టుబాటు అవుతోందని అనుకున్నారు. 2012లో ఆ కంపెనీలో పనిచేసే ఆర్థికవేత్తలు కొన్ని సెర్చ్ సైట్లలో ఆ ప్రకటనలు ఆపించి చూశారు. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం, కింద డబ్బు కట్టనక్కర్లేని లింకు మీదుగా తిరిగి వచ్చేశాయి. ఈబే పేరు కొట్టి వెతికేవాడు ఎలాగూ ఈబేకే వెళ్తున్నాడు మరి. సెర్చిలో వస్తువుల పేర్ల మీద ఇచ్చే ప్రకటనలనూ పరీక్షిస్తే, కొత్తవాళ్ల మీద, అరుదుగా కొనేవాళ్ల మీద అవి పనిచేశాయి, తరచూ కొనేవాళ్ల మీద దాదాపు పనిచేయలేదు. డబ్బు ఎక్కువగా పోతున్నది మాత్రం ఆ తరచూ కొనేవాళ్ల క్లిక్కులకే. ఆ ప్రశ్న అడగడానికి పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. ‘ప్రకటన లేకపోతే ఏమయ్యేది?’ అని అడగడం అలవాటై ఉండాలి.

ఇక మీ దుకాణం విషయానికి వస్తాను. కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మార్చిలో మిర్చి యార్డుకు పోటెత్తినప్పుడు ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజిలో పెట్టాలా అని మీరు ఏటా తలపట్టుకునే ఉంటారు. స్టోరేజి అద్దె, పెట్టుబడి మీద వడ్డీ, తరుగు పోను ధర ఎంత పెరిగితే గిట్టుతుంది? పెరిగిన ఏడు అందరికీ గుర్తుంటుంది. పడిపోయిన ఏడు గురించి మార్కెట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. దాచినవాళ్లు బాగుపడ్డారంటే, దాచినందుకే బాగుపడ్డారా, లేక వడ్డీ భరించగల స్తోమత ముందే ఉన్నందుకా? మీలాగే అందరూ దాస్తే, అందరూ ఒకేసారి తీసినప్పుడు ధర ఏమవుతుంది? కిందటేడు ధర చూసి ఈ ఏడు ఎన్ని ఎకరాలు పెరిగాయి? చైనావాళ్లు తేజ రకం ఎంత కొంటున్నారు? 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల మార్కెట్ జోక్య ధర (ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడానికి నిర్ణయించేది) ప్రకటించాల్సి వచ్చింది. దాని దెబ్బ మీ మార్కెట్‌కు ఎంత తగిలిందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇన్నేళ్లుగా మీరు అనుభవంతో చేస్తున్న పనినే మీ అమ్మాయి శాస్త్రంగా నేర్చుకుంటానంటోంది. దుకాణంలో మీ పక్కన కూర్చుని చూసే ఈ ఆలోచన వచ్చిందేమో కూడా. అడిగారా? ఏం పని చేస్తానంటోందో రాశారు గానీ, ఆ పని మీద తనకు ఇష్టం ఎలా కలిగిందో ఒక్క ముక్క రాయలేదు. బావమరిది కొడుకు గురించి రాశారు. అతని ఉద్యోగం అతని చదువుకు, అతని కాలానికి, అక్కడి అవసరానికి దొరికింది. ఆ లెక్క మీ అమ్మాయికి వర్తిస్తుందని ఎలా అనుకున్నారు? బీటెక్ చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లలు మీ చుట్టాల్లోనే ఉండి ఉంటారు. వాళ్లనెందుకు లెక్కలోకి తీసుకోలేదు? గెలిచినవాళ్లనే చూసి దారి నిర్ణయించడం ఎందుకు తప్పో మీ అమ్మాయి మొదటి సంవత్సరంలోనే చదువుకుంటుంది.

డేటా సైన్స్ బ్రాంచి గురించి నాకున్న అనుమానాలు కూడా దాచను. చాలా కాలేజీల్లో అది మామూలు సీఎస్‌ఈనే, నాలుగైదు పేపర్లు మార్చి పేరు మార్చినది. సిలబస్ తీసి చూడండి. నాలుగేళ్లలో స్టాటిస్టిక్స్ ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టండి, చాలాచోట్ల ఒకటో రెండో కనిపిస్తాయి. అవి చెప్పేవాళ్లు స్టాటిస్టిక్స్ చదివినవాళ్లేనా అని కూడా అడగండి. ఎకనామిక్స్ అయితే పేరుకు ఒక పేపర్. పైథాన్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటి కంప్యూటర్ సాధనాలు పనికిరావని నేననను, తప్పకుండా రావాలి. కానీ లెక్కలు వచ్చిన పిల్ల వాటిని కొన్ని నెలల్లో నేర్చుకుంటుంది. పైగా ఆ కోడ్‌లో చాలా భాగం ఇప్పుడు ఏఐ రాసిపెడుతోంది. ఏ అంకెను నమ్మాలో, ఏది అనుమానించాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది.

బ్రాంచి సరిపోదనిపిస్తే బయట మూడు నెలల కోర్సులు ఎలాగూ ఉన్నాయంటారు. అమీర్‌పేట నుంచి ఆన్‌లైన్ దాకా ‘డేటా సైంటిస్ట్ అయిపోండి’ అనే కోర్సులు చేసిన పిల్లల రెజ్యూమెలు నేను చూస్తుంటాను. అందరిదీ కోర్సుల్లో అభ్యాసానికిచ్చే అదే టైటానిక్ ప్రయాణికుల ప్రాజెక్టు, అదే ఇళ్ల ధరల ప్రాజెక్టు. ఆ పిల్లలది తప్పు కాదు, వాళ్లకు నేర్పింది అంతే. ఏ కస్టమర్ కొంటాడో ఊహించే మోడల్ కట్టడం వాళ్లకు వచ్చు. ‘కూపన్ ఇస్తే కొనేదెవరు, ఇవ్వకపోయినా కొనేదెవరు?’ అని అడిగితే ఆగిపోతారు. వ్యాపారికి డబ్బు మిగిలేది ఆ రెండో ప్రశ్న దగ్గర. అది కార్యకారణాల ప్రశ్న, ఊహించే మోడల్ దానికి జవాబు చెప్పదు. అప్పు తెచ్చి అలాంటి కోర్సుకు ఫీజు కట్టిన తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మీ అమ్మాయికి కోడింగ్ అంటేనే ప్రాణం అయితే, మంచి కాలేజీలో సీఎస్‌ఈ వస్తే, నేనే చేర్చమనేవాణ్ని. ఇక్కడ ఆ రెండూ లేవు. పేరు కోసం సీటు కొంటున్నారు.

బీఎస్సీ లోపాలూ చెప్పాలి. మూడేళ్ల డిగ్రీ ఒక్కటే చేసి ఆగిపోతే రిపోర్టులు తయారుచేసే చిన్న ఉద్యోగం వస్తుంది, తను చెప్తున్న పని రాదు. పీజీ తప్పనిసరి, అంటే మొత్తం ఐదేళ్లు. కొన్ని కాలేజీల్లో ఎకనామిక్స్‌ను నోట్సు చెప్పి రాయించేస్తారు, లెక్క జోలికే పోరు. ఎకనమెట్రిక్స్ (ఆర్థిక ప్రశ్నలను స్టాటిస్టిక్స్‌తో కొలిచే శాస్త్రం) మీద పట్టు, ‘ఆర్’ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ లేదా పైథాన్, ఎక్సెల్ తను సొంతంగా సంపాదించుకోవాలి. ఇంగ్లిష్‌లో సూటిగా రెండు పేజీలు రాయడం కూడా రావాలి, చాలామంది వెనకబడేది అక్కడే. ఇది సులువైన దారి అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెప్తాను. బీటెక్ అయితే నాలుగేళ్లకు క్యాంపస్ అవకాశం ఉంటుంది, కానీ మీరు చూస్తున్న కాలేజీలో అది ఎంత అన్నది మీరే విచారించాలి. బీఎస్సీ, పీజీ అయితే ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, డిగ్రీ ఖర్చు చాలా తక్కువ, తర్వాత తలుపులు రకరకాలుగా తెరుచుకుంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏ, స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ రెండూ ఉన్నాయి. ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. ఐఐటీలు పీజీ ప్రవేశాలకు పెట్టే ‘జామ్’ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ పేపర్లున్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాటిస్టిక్స్ పీజీ అయిన ఎం.స్టాట్‌తో పాటు క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ (లెక్కలతో కూడిన ఆర్థికశాస్త్రం) పీజీ కోర్సు ఉంది, అచ్చంగా మీ అమ్మాయి చెప్తున్నదే. అక్కడ ఈ కోర్సుల్లో సీటు వస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ఎంట్రన్స్ కఠినం, డిగ్రీ రెండో ఏటినుంచే సిద్ధం కావాలి. బ్యాంకులు, ఇన్సూరెన్స్, ఈ-కామర్స్, రిటైల్ కంపెనీలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. ప్రభుత్వం వైపు చూస్తే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చాలు, ఎకనామిక్ సర్వీసుకు పీజీ కావాలి. రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి ఆఫీసర్ ఉద్యోగాల్లో ఈ రెండు సబ్జెక్టులకూ వేర్వేరు నియామకాలుంటాయి.

ఈ చదువు మనవాళ్లకు కొత్తదేమీ కాదు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క 1941లో అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయన్ని వరించింది. మీ అమ్మాయి అంతటిది కావాలని నేననడం లేదు. బంధువులు ‘అదేం చదువు?’ అని అడిగితే తలదించుకోనక్కర్లేదని చెప్తున్నాను. పద్దెనిమిదేళ్లకే తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పగలిగిన పిల్ల మీ ఇంట్లో ఉంది. నిశ్చింతగా ఉండండి. మేనేజ్‌మెంట్ సీటుకు అనుకున్న డబ్బు కదపకుండా పీజీకి, అవసరమైతే బయటి రాష్ట్రంలో హాస్టల్‌కు ఉంచండి.

ఇప్పుడు చేయాల్సింది రెండు పనులు. ఈ సెలవుల్లోనే గత పదేళ్ల మీ దుకాణం లెక్కల పుస్తకాలు అమ్మాయి చేతికివ్వండి. ఏ ఏడు సరుకు ఎప్పుడు అమ్మారు, స్టోరేజిలో ఎంతకాలం ఉంచారు, అన్నీ పోను ఎంత మిగిలింది అన్నది ఎక్సెల్‌లో ఎక్కించమనండి. ఆ పని వారానికే విసుగనిపిస్తే తనే ఇంకో ఆలోచన చేస్తుంది. ఇష్టంగా చేస్తే మీ సందేహం తీరుతుంది. రెండోది, కాలేజీలకు తనను వెంట తీసుకెళ్లండి. స్టాటిస్టిక్స్‌కు పర్మనెంట్ లెక్చరర్లున్నారా, ల్యాబ్‌లో ఏం చేయిస్తారు, కిందటేడు ఈ గ్రూపు పిల్లలు పీజీకి ఎక్కడెక్కడికి వెళ్లారు అని తననే అడగనివ్వండి. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాని కాలేజీలో మాత్రం చేర్చకండి.