పర్సు విప్పే ముందు ట్రాప్ విప్పండి

ప్రశ్న: ఆంటీ, మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. వీసా వచ్చింది, వచ్చే నెల న్యూజెర్సీ వెళ్తున్నాను. మా ఆయన ఎడిసన్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. పోయిన వారం వంటింటి సింకు పూడుకుపోతే ప్లంబరు వచ్చి 385 డాలర్లు తీసుకున్నాడట. ఓనరేమో సగం మీరే కట్టాలంటున్నాడు. ఇది న్యాయమేనా? నేను వెళ్ళాక ఇలాంటి ఖర్చు మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

జవాబు: ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం తల్లీ. 385 డాలర్లంటే ముప్పై వేల రూపాయలు దాటింది. నేనిప్పుడు అమెరికా నుంచి పండక్కి వచ్చి లాసన్స్ బే కాలనీలో మా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. మొన్న ఇక్కడ కూడా సింకులో నీళ్ళు దిగలేదు. ప్లంబరు వచ్చి, పెరట్లో చాంబరు మూత తీసి, పొడవాటి బద్దతో కెలికి, జిడ్డంతా తోడిపోసి, ఐదొందలు పుచ్చుకుని వెళ్ళాడు. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని అక్కడ నీకు అందరూ చెబుతారు. నేను చెప్పను. ఇన్నేళ్ళయినా నేను మార్చి చూసుకుంటూనే ఉన్నాను. ఆ అలవాటుతోనే ఇల్లు కొనుక్కున్నాం, పిల్లల్ని చదివించుకున్నాం. మీ తరంవాళ్ళు ఫోను తీసి మనిషిని పిలిపించేస్తారు. ఆ మనిషి మీ గుమ్మం ఎక్కినందుకే అక్కడ డబ్బు లెక్క మొదలవుతుంది. రాత్రో, ఆదివారమో పిలిస్తే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఎంత కట్టాలన్నది పూడిక ఎక్కడుందన్న దాన్నిబట్టి ఉంటుంది. సింకు కింద మూరెడు దూరంలో ఉంటే నీ చేత్తో నువ్వే తీసుకోవచ్చు, ఖర్చు సున్నా. గోడలో ఉంటే నూట యాభై నుంచి మూడొందల డాలర్లు. వీధికి పోయే మెయిన్ లైనులో ఉంటే మూడొందల నుంచి ఆరొందలు, ఒక్కోసారి ఇంకా పైన. అది ఎక్కడుందో నీకు తెలియకుండా ప్లంబరుకి ఫోను చేస్తే, ఎక్కడుందో చెప్పేది అతనే, ధర చెప్పేదీ అతనే.

మన విశాఖలో చాలా ఇళ్ళకి వంటింటి గొట్టం గోడ దాటగానే పెరట్లో చాంబరులో పడుతుంది. ఏం పూడినా అక్కడే దొరుకుతుంది. ఇక్కడి చలికి గొట్టాలు అంతగా చల్లబడవు కూడా. అక్కడలా కాదు. సింకు కింద ఒకటిన్నర అంగుళాల గొట్టం, గోడలోకి వెళ్ళాక రెండంగుళాలు, అది బేస్‌మెంటులోకి దిగి నాలుగంగుళాల మెయిన్‌లో కలిసి, ఇంటిముందు నేలలోంచి వీధిదాకా పోతుంది. జనవరిలో ఆ నేల గడ్డకట్టి ఉంటుంది. నెయ్యి ముప్పై డిగ్రీలు దాటితేగానీ సరిగ్గా కరగదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. మనం వేడివేడిగా పోసింది సింకులో నీళ్ళలాగే దిగి, పది అడుగులు పోయాక గోడకి అంటుకుంటుంది. దానిమీద గంజి, పిండి వచ్చి చేరతాయి.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. అక్కడికి వెళ్ళాక మొదటి సంక్రాంతికి, పండగ లోటు తెలియకూడదని, అరిసెలు వండాను. కనుమనాడు గారెలు వేశాను. చుట్టుపక్కల మన తెలుగువాళ్ళందర్నీ పిలిచాం. అరిసెలు వండిన మూకుడులో మిగిలిన నూనె, మినప్పప్పు రుబ్బిన గ్రైండరు కడిగిన నీళ్ళు, అన్నం వార్చిన గంజి, అన్నీ సింకులోకే పోయాయి. అక్కయ్యపాలెంలో మా అమ్మ పోసినట్టే నేనూ పోశాను. సింకులో మీట నొక్కితే గరగరమని నలిపేసే డిస్పోజల్ యంత్రం ఉంది కదా, అది అన్నిటినీ మింగేస్తుందనుకున్నాను. ములక్కాడ పిప్పి కూడా అందులోనే వేశాను. సాయంత్రానికి సింకు నిండా తెల్లటి నీళ్ళు నిలబడిపోయాయి.

అప్పుడు మావారు దుకాణానికి వెళ్ళి డ్రెయిన్ ఓపెనర్ సీసా తెచ్చి సాంతం పోశారు. రాత్రంతా చూశాం, చుక్క కదల్లేదు. మర్నాడు దానికంటే గట్టిదని ఎవరో చెబితే ఇంకోరకం తెచ్చి దానిమీదే పోశారు. అది యాసిడ్. నీళ్ళు బుసబుసమని పైకి లేచాయి, ఘాటు వాయువు ఇల్లంతా కమ్మింది. బయట మంచు పడుతుంటే కిటికీలన్నీ తెరుచుకుని, పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టి పక్కింట్లో కూర్చోబెట్టాను. వాడు రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ఆ తర్వాత అపార్టుమెంటు ఆఫీసువాళ్ళు ప్లంబర్ని పంపారు. గొట్టంలో మందులున్నాయని అతను వేరే తొడుగులు వేసుకుని, వేరే రేటు వేశాడు. బయటికి తీసిన పిండిముద్ద ఫొటోతో సహా బిల్లు మాకే వచ్చింది. మా నెల కిరాణా డబ్బు మొత్తం దానికే పోయింది.

అందుకే ఈ మందుల సంగతి నువ్వు శ్రద్ధగా వినాలి. అక్కడ దుకాణాల్లో దొరికే డ్రానో, లిక్విడ్ ప్లమర్ లాంటి వాటిలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా, బ్లీచు. మన ఊళ్ళో ప్యాకెట్లలో అమ్మే డ్రెయినెక్స్ కూడా కాస్టిక్ సోడాయే. మనం బాత్రూముల్లో వాడే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కాస్టిక్ సోడాకి యాసిడ్ తగిలితే వేడెక్కి మొహం మీదకి చిమ్ముతుంది. బ్లీచుకి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచుకి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగిలినా విషవాయువే. నీళ్ళు పూర్తిగా నిలిచిపోయిన చోట ఏ మందూ పొయ్యకు, అది పూడికదాకా చేరకుండా గొట్టంలోనే నిలబడి ఉంటుంది. ఒకవేళ ఇప్పటికే పోసేసి ఉంటే, ప్లంబరు రాగానే మొట్టమొదట ఆ మాటే చెప్పు. అతను సింకు కింద వంపు గొట్టం, అదే ట్రాప్, విప్పితే అదంతా అతని చేతులమీద పడుతుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పొయ్యమని వీడియోల్లో చెబుతారు. నురగ బాగా వస్తుంది, పూడిక మాత్రం అక్కడే ఉంటుంది. సలసలా కాగే నీళ్ళు కూడా వద్దు. ప్లాస్టిక్ గొట్టాలు 60 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి. కొళాయిలోంచి వచ్చే వేడినీళ్ళు చాలు.

సింకులో నీళ్ళు నిలవగానే మొదట చేయాల్సింది మిగతా ఇల్లంతా తిరిగి చూడడం. బాత్రూములో కొళాయి తిప్పు, టాయిలెట్ ఫ్లష్ చెయ్యి, కింద బేస్‌మెంటులో తూము ఉంటే అటు చూడు. ఒక్క సింకే ఆగిందా, పూడిక దాని గొట్టంలోనే ఉంది, కంగారుపడకు. ఫ్లష్ చేస్తే స్నానాలతొట్టిలోకి నీళ్ళు తన్నుకొస్తున్నాయా, వాషింగ్ మెషీను తిరిగితే బేస్‌మెంటులో మురుగు పైకొస్తోందా, అది మెయిన్ లైను. అప్పుడు ఇంట్లో నీళ్ళ వాడకం మొత్తం ఆపేసి ఓనరుకి ఫోను చెయ్యి. దాన్ని నీ చేతులతో తీసే ప్రయత్నం చెయ్యకు.

ఒక్క సింకే అయితే కింద అలమర తెరువు. సింకు గొట్టం కిందికి దిగి వంపు తిరిగి మళ్ళీ పైకి లేచి గోడలోకి పోతుంది. ఆ వంపుని పీ-ట్రాప్ అంటారు. మన బాత్రూం నేలలో తూము కింద ఉండే నహానీ ట్రాప్‌లాగే అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళుండి, మురుగు వాసన ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. కింద బకెట్టు పెట్టి, వంపుకి అటూ ఇటూ ఉన్న పెద్ద ప్లాస్టిక్ నట్లని చేత్తోనే ఎడమవైపుకి తిప్పు, వదులవుతాయి. వంపు ఊడి వస్తుంది. అందులో ఉన్న మడ్డి బకెట్లో దులిపి, బయట కొళాయి దగ్గర కడుక్కురా. సింకులో మాత్రం కడగకు, గొట్టం ఊడదీసి ఉందని ఆ క్షణంలో గుర్తుండదు. మళ్ళీ బిగించేటప్పుడు లోపలి వాషరు సరిగ్గా కూర్చుందో లేదో చూడు, నీళ్ళు వదిలి కాసేపు చెయ్యి పెట్టి తడి తగులుతోందేమో చూడు. వంపు శుభ్రంగా ఉండి పూడిక గోడలో ఉందని తేలితే, హార్డువేరు దుకాణంలో పాతికడుగుల చేతి స్నేక్, అంటే గొట్టంలోకి దింపే పొడవాటి తీగ, ముప్పై డాలర్ల లోపు దొరుకుతుంది. తీగని నెమ్మదిగా తోస్తూ, అడ్డు తగిలినచోట పిడి తిప్పుతూ పోవాలి. పాత ఇళ్ళలో ఇనప ట్రాపులుంటే వాటిని నువ్వు కదపకు, తుప్పుపట్టిన గొట్టం చేతిలో విరిగితే ఖర్చు రెండింతలు. నేను ఈ పని నేర్చుకున్నాక మా ఇంటి సింకుకి ప్లంబర్ని పిలిచిన గుర్తు లేదు. మా వీధిలో కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలవాళ్ళు ముందు నాకే ఫోను చేస్తారు.

డిస్పోజల్ తిరక్కుండా మూలుగుతుంటే అది పూడిక కాదు, లోపల ఏదో ఇరుక్కుంది. స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకేసి, యంత్రం అడుగున ఉన్న కన్నంలో అలెన్ కీ (ఆరు పలకల వంపు తాళంచెవి) పెట్టి అటూ ఇటూ తిప్పు. తర్వాత అడుగునే ఉన్న ఎర్ర బొత్తాం నొక్కు. చెయ్యి మాత్రం ఎప్పుడూ లోపల పెట్టకు. ఈ రెండు పనులకి మనిషిని పిలిచి వంద డాలర్లకు పైగా ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. అందులో అన్నం, పిండి, ములక్కాడ, ఉల్లిపొట్టు, అరటితొక్క, చేప పొలుసు, రొయ్యపెంకు వెయ్యకు. మనవాళ్ళకి వంజరం తెస్తే సింకులోనే కడిగే అలవాటు. కాగితం పరిచి పొలుసు తీసి, కాగితంతోపాటు చెత్తలో వెయ్యి. నూనె చల్లారాక ఖాళీ డబ్బాలో పోసి మూతపెట్టి చెత్తలో వేసెయ్యాలి. పిండి గిన్నెలు, నెయ్యి గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి అప్పుడు కడుగు. పెద్ద విందులు చేసుకునే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు అక్కడి ప్లంబర్లకి ఏడాది మొత్తంలో ఊపిరాడని రోజు, కారణం ఇదే నూనె, ఇదే మిగులు వంట. మనకి సంక్రాంతి, దీపావళి కూడా తోడవుతాయి.

బాత్రూం విషయం ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. జుట్టుకి కొబ్బరినూనె పట్టించి తలంటుకుంటే, ఊడిన వెంట్రుకలూ పేరుకున్న నూనే కలిసి తూములో తాడులా పేనుకుంటాయి. పిల్లలకి సున్నిపిండి నలుగుపెడితే ఆ పిండి దానికి అంటుకుంటుంది. తూము మీద చిన్న జల్లెడ పెట్టు, ముళ్ళున్న ప్లాస్టిక్ బద్దలు కొద్ది డాలర్లకే దొరుకుతాయి, నెలకోసారి దింపి లాగు. తడి టిష్యూల (వెట్ వైప్స్) పాకెట్టు మీద ఫ్లష్ చెయ్యొచ్చని రాసి ఉన్నా చెయ్యకు. ఇంకొకటి, అక్కడ చాలా బాత్రూముల్లో నేలకి తూమే ఉండదు. గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అలవాటుకొద్దీ నేలమీద బకెట్టు నీళ్ళు గుమ్మరించి కడిగితే కింది ఇంటి సీలింగు తడిసిపోయింది. ఆ మరమ్మతు ఖర్చు కొడుకు కట్టుకున్నాడు.

ఇక మనిషిని పిలవక తప్పనప్పుడు జాగ్రత్త కావాల్సింది చవక కూపన్లతోనే. మేం సొంత ఇల్లు కొన్నాక మెయిన్ లైను పూడింది. 99 డాలర్లకే తీస్తామన్న ఒకతను వచ్చి, తీగ పెట్టి, కదలడం లేదని చెప్పి, గొట్టంలోకి కెమెరా దింపాడు. పాత మట్టి గొట్టం అతుకుల్లోంచి చెట్టు వేళ్ళు దిగాయి, అది నిజమే. మొత్తం తవ్వి మార్చాలి, ఎనిమిది వేల డాలర్లు, ఇవాళే సంతకం పెడితే తగ్గిస్తానన్నాడు. మావారు కలం తీశారు. నేను పెట్టనివ్వలేదు. ఆ వీడియో నకలు ఇమ్మని అడిగి తీసుకుని ఇంకొకరికి చూపించాం. ఆ రెండో ప్లంబరు కట్టరు బ్లేడుతో వేళ్ళు కోసి, నీళ్ళని గట్టిగా చిమ్మే హైడ్రో జెట్టింగ్‌తో కడిగి, ఆరొందల లోపు తేల్చేశాడు. వేళ్ళు మళ్ళీ పెరుగుతాయి, అప్పుడప్పుడు కోయించుకుంటున్నాం, అంతే. వేళ్ళు కోసే ఆ తిరుగుడు తీగ యంత్రాన్ని 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన వాషింగ్ మెషీను మోటారుతో తయారుచేశాడు. గొట్టం తవ్వకుండా పూడిక తీయడం అప్పణ్ణుంచీ ఉన్న పనే, కాబట్టి ఎవరైనా రాగానే తవ్వాలంటే రెండో మనిషిని అడగందే ఒప్పుకోకు.

డబ్బు చూసుకోకూడని చోటు ఒక్కటుంది. ఇక్కడ మీ అమ్మానాన్నల ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉంటే, అది నిండినప్పుడు ఎవరో తక్కువకి దిగి తీస్తానన్నా దిగనివ్వొద్దని చెప్పి వెళ్ళు. లోపలి వాయువుకి మనిషి నిమిషాల్లో ప్రాణం వదిలేస్తాడు. రక్షణ సరంజామా లేకుండా మనిషిని అలా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. యంత్రం ఉన్న బండినే పిలవమను, ఖర్చు నువ్వు పంపు.

ఇప్పుడు ఓనరు అడిగిన సగం సంగతి. చట్టం వివరాలు న్యూజెర్సీ ప్రభుత్వ వెబ్‌సైటులో, మీ లీజు కాగితంలో చూసుకోవచ్చు. మామూలుగా గొట్టాల నిర్వహణ ఓనరుదే, అద్దెకున్నవాళ్ళ వాడకంవల్ల పూడిందని తేలితే అద్దెకున్నవాళ్ళదే. అది తేల్చేది ప్లంబరు బిల్లు. మీ ఆయన్ని ఆ బిల్లు తీసి చూడమను. పూడిక ఏ లైనులో ఉంది, ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఏం బయటికొచ్చింది, రాసుండాలి. రాయకపోతే ప్లంబర్ని అడిగి ఈమెయిల్లో తెప్పించుకోమను. వేళ్ళో, విరిగిన గొట్టమో అని ఉంటే ఒక్క డాలరు కూడా ఇవ్వనక్కర్లేదని ఓనరుకి మర్యాదగా రాయండి. అన్నం, జిడ్డు అని ఉంటే సగం అడిగినవాడు మంచివాడే, వెంటనే కట్టేసి రసీదు తీసుకోండి. ఏమీ తేలకపోతే వందకి బేరమాడి, ఇకముందు ఎవరు పిలవాలో, ఎవరు కట్టాలో ఓనరు చేత రాయించుకోండి. అదంతా నువ్వు విమానం ఎక్కేలోపే అయిపోవాలి.