‘ఆదిమ చీమ’ అనొచ్చా? అంబర్‌లో దొరికింది శిలాజమేనా?

సందేహం: మాస్టారూ, పిల్లల సైన్స్ పత్రికకి నోథోమిర్మీసియా అనే ఆస్ట్రేలియా చీమ గురించి రాస్తున్నాను. “చీమలన్నిటికీ మూలమైన ఆదిమ చీమ జాతి, సజీవ శిలాజం” అని రాస్తే మా ఎడిటర్ గారు చీమని తక్కువ చేసినట్టుంటుందని ‘ఆదిమ’ కొట్టేశారు. దీని బంధువు అంబర్‌లో, అంటే గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురులో, దొరికిందని కూడా రాశాను, అది రాయి కాదు కదా శిలాజం ఎలా అవుతుంది అన్నారు. ఏది కరెక్ట్?

సమాధానం: అమ్మా, ‘ఆదిమ’ ఉంచండి. ‘చీమలన్నిటికీ మూలమైన’ అన్నది మాత్రం తీసేయండి, అసలు తప్పు అక్కడుంది. ఆదిమ అంటే మొదటిది, మొదట్లో ఉన్నది అని అర్థం, అందులో తక్కువ చెయ్యడం ఏమీ లేదు. కానీ ఈ చీమ ఇవాళ బతికున్న చీమ, మన ఇంట్లో పంచదార డబ్బాకి పట్టే చీమలకి ఇది అమ్మమ్మ కాదు, పాత పద్ధతులు వదలని పెద్దమ్మ కూతురు అనుకోండి. అందుకే ఆ మాట చీమకి కాకుండా దాని లక్షణాలకి తగిలించి ‘ఆదిమ లక్షణాలున్న చీమ’ అంటే సరిగ్గా సరిపోతుంది. ఆ లక్షణాలేంటో కూడా రాయండి, పిల్లలకి అదే కదా కావాల్సింది. పుట్టలో మామూలుగా వంద లోపే ఉంటాయి, రాణికీ కూలి చీమలకీ రూపంలో పెద్ద తేడా ఉండదు, చలి రాత్రుల్లో ఒక్కొక్కటీ విడిగా యూకలిప్టస్ చెట్లెక్కి పురుగుల్ని వేటాడతాయి, తిండి దొరికితే మిగతావాటిని పిలవడం, వరస కట్టడం ఏమీ ఉండదు.

ఇంకో మాట, దీన్ని “అంతరించిపోయి మళ్ళీ దొరికిన చీమ” అని చాలామంది రాస్తున్నారు, మీరు అలా రాయకండి. అంతరించింది మళ్ళీ దొరకదు. 1931లో పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండంటే రెండు చీమలు సేకరించారు, 1934లో జాన్ క్లార్క్ అనే కీటక శాస్త్రవేత్త వాటికి పేరు పెట్టాడు, ఆ తర్వాత ఎంతమంది వెతికినా కనపడలేదు, చివరికి 1977లో రాబర్ట్ టేలర్ అనే ఇంకో కీటక శాస్త్రవేత్తకి ఎక్కడో దూరంగా దక్షిణ ఆస్ట్రేలియాలోని పూచెరా దగ్గర దొరికింది. కాబట్టి ‘ఆచూకీ తెలియకుండా పోయిన’ అనండి.

ఇక శిలాజం సంగతి. శిల అంటే రాయి, శిలాజం అంటే రాతిలో పుట్టింది అని మీ ఎడిటర్ గారు పట్టుకున్న వ్యుత్పత్తి కరెక్టే, కానీ వ్యుత్పత్తి దగ్గరే ఆగిపోతే ‘కొబ్బరి నూనె’ కూడా తప్పే అవుతుంది. నూనె అంటే నూ నెయ్యి, అంటే నువ్వుల నుంచి తీసిందే. ఇప్పుడు వేరుశెనగ నూనె అంటే ఎవరైనా అభ్యంతరం చెప్తారా? అలాగే శిలాజం కూడా, పాత కాలపు జీవి అవశేషం దేంట్లో దొరికినా ఆ మాట చెల్లుతుంది. మీరు రాసిన బంధువు పేరు ప్రయొనోమిర్మెక్స్, బాల్టిక్ అంబర్‌లో దొరికింది, అంటే సుమారు 4 కోట్ల ఏళ్ల కిందట చెట్టు నుంచి కారిన గుగ్గిలం లాంటి జిగురులో చిక్కుకుని ఉండిపోయింది. దాన్ని ‘అంబర్ శిలాజం’ అనండి. డెన్మార్క్‌లోనూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ ఈ గుంపు చీమలే, అంటే నోథోమిర్మీసియాతో పాటు ఆస్ట్రేలియాలోని బుల్‌డాగ్ చీమలు అనే పెద్ద చీమలు కూడా ఉన్న ఉపకుటుంబానివే, రాతి పొరల్లో అచ్చుపడి దొరికాయి, ఇంచుమించు 5 కోట్ల ఏళ్ల నాటివి, వాటిని ‘రాతి అచ్చులు’ అంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఇవాళ ఆస్ట్రేలియా, పక్కనున్న న్యూ కాలెడోనియా తప్ప ఇంకెక్కడా లేని గుంపు ఒకప్పుడు యూరప్‌లో, అమెరికా ఖండాల్లో తిరిగిందని ఆ అచ్చులే చెప్తున్నాయి, నాకైతే మీ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే, దీనికి ఇంకో పేరా ఇవ్వండి.

‘సజీవ శిలాజం’ వాడుకలో ఉన్న మాటే, ఒక్కసారి వాడితే చాలు. నోథోమిర్మీసియాకే చెందిన శిలాజం దొరికినట్టు అర్థం రాకుండా చూసుకోండి, దొరికింది బంధువులవి.

‘చీమ జాతి’ అన్నచోట జాగ్రత్త. మన పాఠ్యపుస్తకాల్లో జాతి, దానిపైన ప్రజాతి, ఆపైన కుటుంబం. నోథోమిర్మీసియా అన్నది ప్రజాతి, అందులో మాక్రాప్స్ అనే ఒక్క జాతే ఉంది. క్లార్క్ 1951లో దీనికి విడిగా ఒక ఉపకుటుంబమే కట్టాడు, తర్వాత 2003లో వార్డ్, బ్రాడీ చేసిన పరిశోధనతో బుల్‌డాగ్ చీమలున్న మిర్మీసియినే ఉపకుటుంబంలోనే ఒక తెగగా (ఉపకుటుంబానికి కింద, ప్రజాతికి పైన ఉండే మెట్టు) ఉంచారు. ఆ బుల్‌డాగ్ చీమల్ని గండుచీమలు అని తెనిగించకండి, గండుచీమ అంటే మన దగ్గర తిరిగే నల్ల చీమే గుర్తొస్తుంది, అది వేరే ఉపకుటుంబం.

నిజంగా ‘తొలినాటి చీమ’ అని రాయాలనుంటే స్ఫెకోమిర్మా ఉంది, న్యూజెర్సీ అంబర్‌లో దొరికింది, 9 కోట్ల ఏళ్ల పైమాటే, 1967లో విల్సన్, కార్పెంటర్, బ్రౌన్ వర్ణించారు, ఒంట్లో కొంత కందిరీగ పోలిక, కొంత చీమ పోలిక. దాని ఉపకుటుంబం మొత్తం పోయింది కాబట్టి ‘అంతరించిన’ అన్న మాట అక్కడ నిక్షేపంగా వాడుకోవచ్చు.