అతికించే ముందు అంచు చూసుకోవాలి

ప్రశ్న: మా పగడాల అక్వేరియం పొడవు 120, వెడల్పు 50 సెంటీమీటర్లు. దాని కింద పెట్టడానికి 6 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటుతో 75 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు గల సంప్ (పై తొట్టి నుంచి దిగిన నీటిని పంపు మళ్లీ పైకి పంపే కింది తొట్టి) ఒకటి సొంతంగా తయారు చేశాను. ముక్కలను జిగ్‌సాతో కోసి, అంచులను గరుకు కాగితంతో రుద్ది, సిరంజితో సాల్వెంట్ ఎక్కించి, క్లాంపులు గట్టిగా బిగించాను. అతుకుల్లో తెల్లని బుడగలు నిలిచిపోయాయి. మూడో రోజున అడుగు అతుకు నుంచి నీరు కారడం మొదలైంది. లోపలి నుంచి సిలికాన్ పూసినా కారడం ఆగలేదు. లోపం సాల్వెంటుదా, నాదా?

జవాబు: సాల్వెంటుది కాదు. మీరు దానిని జిగురు అనుకోవడం వల్లే ఈ చిక్కు వచ్చింది. జిగురైతే రెండు పలకల మధ్య ఉన్న సందును తాను నింపి గట్టిపడుతుంది. సాల్వెంట్ మాత్రం రెండు వైపులా యాక్రిలిక్‌ను పైపైన కరిగించి, ఆ కరిగిన పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక ఆవిరై వెళ్లిపోతుంది, తాను అక్కడ మిగలదు. కాబట్టి సందు ఉన్నచోట అది చేయగలిగిందేమీ లేదు, అక్కడ మిగిలేది గాలి బుడగే. జిగ్‌సా రంపం అంచును అలలుగా కోస్తుంది. దానిని చేత్తో గరుకు కాగితం మీద రుద్దినప్పుడు అలలు పోతాయి గానీ, చేయి కొద్దిగా అటూ ఇటూ ఊగడం వల్ల అంచు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా పల్లంగా గుండ్రబడుతుంది. కంటికి నున్నగా కనిపించే ఆ అంచును చదునైన గాజు పలక మీద నిలబెట్టి, వెనక దీపం పెట్టి చూడండి. వెలుతురు సన్నని గీతలా దూరి వచ్చిన ప్రతి చోటా రేపు నీరు కారుతుంది.

కోసిన తరువాత ప్రతి అంచునూ రౌటర్‌తో (వేగంగా తిరిగే బిట్‌తో అంచులు చెక్కే కరెంటు పనిముట్టు), గట్టి కార్బైడ్ మొన ఉన్న బిట్ వాడి, తిన్నని పట్టీ ఆధారంగా మరో మిల్లీమీటరు చెక్కాలి. అంచు అద్దంలా మెరవనక్కరలేదు, సమంగా మసక తెలుపులో ఉంటే చాలు. మెరుపు కోసం అతికించబోయే అంచును మంటతో కాల్చడం కొందరికి అలవాటు, అది మాత్రం వద్దు. మంట అంచులో బిగువును నింపిపెడుతుంది, సాల్వెంట్ తగలగానే ఆ బిగువు పగుళ్లుగా బయటపడుతుంది.

ఇక అతికించే పద్ధతి. అడుగు పలక మీద పావు మిల్లీమీటరు మందం గల సన్నని తీగ ముక్కలను పది, పన్నెండు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంచి, వాటి మీద నిలువు పలకను నిలబెట్టండి. సిరంజి సూదిని అతుకు మూలకు ఆనించి, ఒక చివర నుంచి రెండో చివర దాకా ఆగకుండా నడపండి. ద్రవం తనంతట తానే సందులోకి పాకుతుంది. పలక పైనుంచి చూస్తే, తడి గుడ్డలో నీరు పాకినట్టు, మసకగా ఉన్న గీత వరుసగా నల్లబడుతూ పోవడం కనిపిస్తుంది. అర నిమిషం ఆగి, అంచు మెత్తబడ్డాక, తీగలను ఒక్కొక్కటిగా లాగేయండి. పలక తన బరువుతో తానే దిగి, మెత్తబడిన పొరలను కలుపుతుంది. క్లాంపు ఇక్కడ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. బిగించిన కొద్దీ కరిగిన యాక్రిలిక్ బయటికి పొంగి, అతుకు పొడిబారిపోతుంది. మీ బుడగల్లో సగం రంపం వల్ల వచ్చాయనుకుంటే, మిగతా సగం క్లాంపు పుణ్యమే. ఒక రోజంతా దానిని కదపవద్దు. వారం దాటాక మంచినీరు నింపి, రెండు రోజులు పొడి కాగితాల మీద నిలిపి చూశాకే ఉప్పునీటి దగ్గరికి తీసుకువెళ్లండి.

ఈ సాల్వెంట్లలో చాలా వాటిలో ముఖ్యమైన పదార్థం డైక్లోరోమీథేన్. దాని ఆవిరి గాలి కన్నా బరువైనది కనుక గది అడుగున పేరుకుంటుంది; పీల్చినదానిలో కొంత భాగాన్ని శరీరం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ఆరుబయట గానీ, గాలి బాగా ఆడే చోట గానీ పని చేయండి. పలుచని నైట్రైల్ తొడుగులను అది నిమిషాల్లో దాటివస్తుంది కాబట్టి, వాటి మీద పడిన వెంటనే మార్చుకోవాలి.

ఇప్పుడున్న సంప్‌ను బాగు చేయవచ్చా అని మీరు అడగలేదు గానీ, అడుగుతారని తెలుసు. వద్దనే నా సలహా. సిలికాన్ గాజును పట్టినట్టు యాక్రిలిక్‌ను పట్టదు, కొన్నాళ్లకు పొరలా ఊడివస్తుంది. పైగా అది పూసిన చోట సాల్వెంట్ కూడా ఇక పనిచేయదు. అతుకుల పక్కనే కోసేసి, ఆ పలకలను పగడపు ముక్కలు నిలిపే చిన్న తట్టలకు వాడుకోండి.

కొత్తది చేసేటప్పుడు మందం కూడా మార్చండి. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది, తొట్టి ఎన్ని లీటర్లదన్నది కాదు. 40 సెం.మీ. ఎత్తున ఉప్పునీరు నిండితే మీ 75 సెం.మీ. పక్క పలక ఒక్కదాని మీదే 60 కిలోలకు పైగా తోపుడు పడుతుంది, 6 మి.మీ. షీటు నడుమ పొట్టలా ఉబ్బుతుంది. 10 మి.మీ. కాస్ట్ (అచ్చు పోసిన) షీటు తీసుకుని, పైన 5 సెం.మీ. వెడల్పు చట్రాన్ని ఒకే పలక నుంచి కోసి అతికించండి. చట్రం లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, చీలిక ఎప్పుడూ పదునైన మూల నుంచే మొదలవుతుంది.

ఎత్తంతా నీటితో నింపడానికి కాదు. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు పై తొట్టిలో 3 సెం.మీ. నీరు దిగినా, మీ కొలతల ప్రకారం 18 లీటర్లు కిందికి వస్తుంది, సంప్‌లో మట్టం సుమారు 7 సెం.మీ. పెరుగుతుంది. గొట్టాల్లోని నీరు దీనికి అదనం. పంపు నడిచేటప్పుడు సంప్‌లో పైన కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండేలా, లోపల నీటి మట్టాన్ని నిలిపే అడ్డుపలకల ఎత్తు నిర్ణయించుకోండి.

ప్రశ్న: యాక్రిలిక్ ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) మూతను స్టీలు స్క్రూలతో బిగించవచ్చా? పీవీసీ గొట్టాన్ని దానికి పీవీసీ జిగురుతోనే అతికించవచ్చా?

జవాబు: రెండూ వద్దు. తుప్పు పట్టదని చెప్పే స్టీలు కూడా ఉప్పునీటి తడిలో కాలక్రమాన తుప్పు పడుతుంది. ఇత్తడి అంతకన్నా ప్రమాదం, దానిలోని రాగి రొయ్యలకూ పగడాలకూ విషం. నైలాన్ స్క్రూలు వాడండి. పీవీసీ జిగురు యాక్రిలిక్‌ను పగుళ్లు పట్టించగలదు కాబట్టి, పలకకు రంధ్రం చేసి, రబ్బరు వాషరుతో బిగించే బల్క్‌హెడ్ అనే జోడింపు ముక్క పెట్టి, గొట్టాన్ని దానికి కలపండి.

ప్రశ్న: రెండేళ్లుగా బాగున్న యాక్రిలిక్ పెట్టెను అద్దాలు తుడిచే ద్రవంతో శుభ్రం చేయగానే సాలెగూడు వంటి గీతలు వచ్చాయి. పైమూత కూడా వంగిపోయింది. కారణం ఏమిటి?

జవాబు: ఆ ద్రవంలోని అమ్మోనియా గానీ, ఆల్కహాల్ గానీ పలకలో దాగి ఉన్న బిగువును బయటపెట్టింది. అవి గీతలు కావు, సన్నని పగుళ్లు, రుద్దితే పోవు. కరిగించి సన్నని నోటి గుండా నెట్టి తయారుచేసే ఎక్స్‌ట్రూడెడ్ షీటులో ఈ బిగువు ఎక్కువ, అచ్చు పోసిన కాస్ట్ షీటులో తక్కువ. ఇకపై మంచినీరు, మెత్తని గుడ్డ చాలు. తెల్లని సున్నపు పొర ఉంటే నీళ్లు కలిపిన వెనిగర్ వాడండి. మూత సంగతి వేరు. యాక్రిలిక్ కొద్దికొద్దిగా నీటిని పీల్చుకుంటుంది, తడి తగిలిన అడుగు వైపు సాగి, పొడిగా ఉన్న పై వైపు సాగదు. అందుకే నడుమ కిందికి దిగి అంచులు పైకి లేచాయి. దానిని తిరగేసి పెట్టండి, కొన్ని వారాల్లో చదునవుతుంది, ఆ తరువాత రెండో వైపుకు వంగడం మొదలుపెడుతుంది, అప్పుడు మళ్లీ తిరగేయండి.