ఫైరింగ్ మర్నాడు తీసిన ఆడియోగ్రామ్ గురించి

ఫైరింగ్ ప్రాక్టీసు మర్నాడు పొద్దున్నే ఓ సైనికుడి ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో) 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారిందనీ, అంటే ఆ కీచు శబ్దాలు సరిగ్గా వినపడట్లేదనీ, ఉద్యోగం మీదికొస్తుందని అతను రాయొద్దంటున్నాడనీ అడిగారు కదండీ. చెరిపేయకండి. అలాగని శాశ్వత లోపమనీ ఇప్పుడే తేల్చేయకండి, తాత్కాలికం కావచ్చు. కర్ణభేరి చిరిగిందేమో చూడండి. చిరిగినా, వినికిడి బాగా పడిపోయినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాలి. లేదంటే కనీసం 14 గంటలు పెద్ద శబ్దాలకు దూరంగా ఉంచి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ అలాగే ఉంటే ఉన్నదున్నట్టు రాయాల్సిందే. లోచెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే మళ్లీ పుట్టవని అతనికి నెమ్మదిగా చెప్పండి.

నన్నడిగితే అసలు చూడాల్సింది ఇయర్‌ప్లగ్. మీ ఎదురుగానే పెట్టుకోమనండి. చాలామంది ఫోమ్‌ను సరిగ్గా నలపకుండానే చెవి అంచున కుక్కేస్తారు. సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. రైఫిల్ మోత చెవి దగ్గర 150 డెసిబెల్స్ దాటుతుంది మరి. ఆర్డర్లు వినపడవని మధ్యలో తీసేస్తున్నాడేమో కూడా కనుక్కోండి. అదే కారణమైతే మాటలు వినిపిస్తూనే పేలుడు శబ్దాన్ని ఆపే రకం ప్లగ్ ఇప్పించండి.