కేక్ తిన్న రోజు షుగర్ మాత్ర ఇంకొకటి వేసుకోవచ్చా?

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి ఈసారి కేక్ ఇంట్లోనే చేస్తున్నాను. మైదా బదులు గోధుమపిండి, పంచదార బదులు బెల్లం వేస్తే మా మామగారు తినొచ్చా? ఆయనకు 72 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. కేక్ తిన్న రోజు గ్లిమిపిరైడ్ మాత్ర ఇంకొకటి వేసుకుని, రాత్రి భోజనం మానేస్తారు. కిందటేడు అలాగే చేస్తే తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. గ్యాస్ అనుకుని పంచదార కలిపిన నిమ్మరసం ఇస్తే తగ్గింది.
– ఓ సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, కేక్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ తెల్లవారుజామున జరిగినదాని గురించి మాట్లాడుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి అది గ్యాస్‌లా లేదు. షుగర్ బాగా పడిపోయి ఉంటుందని నా అనుమానం. ఆయన్ని తేరుకునేలా చేసింది నిమ్మరసంలో మీరు కలిపిన పంచదారే. అయితే మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. షుగర్ ఉన్నవాళ్లలో గుండె జబ్బు కూడా ఒక్కోసారి నొప్పి లేకుండా చెమటలతోనే బయటపడుతుంది. ఏడాది గడిచిపోయిందిలే అనుకోకుండా ఈ వారంలోనే వాళ్ల డాక్టరుకి చూపించి జరిగింది జరిగినట్టు చెప్పండి. అప్పుడే చూపించి ఉండాల్సింది.

కేక్‌తో పెరిగిన షుగర్ కొన్ని గంటల్లో దిగిపోతుంది. గ్లిమిపిరైడ్ మాత్రం దాదాపు 24 గంటలు పనిచేస్తుంది, కడుపులో అన్నం ఉన్నా లేకపోయినా షుగర్‌ని తగ్గించే ఇన్సులిన్‌ని ఒంట్లో విడుదల చేయిస్తూనే ఉంటుంది. మామగారు మాత్ర పెంచారు, భోజనం మానేశారు. ఇక షుగర్ పడిపోవడానికి రాత్రంతా సమయం ఉంది. పెద్ద వయసులో కిడ్నీల పని మందగించి ఉంటే మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది. అందుకే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, గుండె కోసం ఈసీజీ అవసరమేమో డాక్టర్ని అడగండి.

పెళ్లి భోజనానికి ముందు ఒక మాత్ర, పండగ బూరెలకు ఒక మాత్ర అని సొంతంగా వేసుకునేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. దయచేసి ఈ అలవాటు మాన్పించండి. మాత్ర పెంచినా తగ్గించినా అది డాక్టర్ నిర్ణయమే కావాలి. మామగారికి మీరు చెప్పలేకపోతే మీవారితో చెప్పించండి.

మళ్లీ అలా చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మీటర్ లేకపోతే ఆలస్యం చేయకుండా పంచదార నీళ్లే ఇచ్చేయండి. ఆ సమయంలో కేక్ ముక్క పెట్టకండి, అందులోని వెన్న, నూనె వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఈ మందు వేసుకునేవాళ్లకు షుగర్ ఒకసారి లేచినా మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇక కేక్. గోధుమపిండి వేయడం మంచిదే, కాస్త పీచు చేరుతుంది. బెల్లం మాత్రం షుగర్‌ని ఇంచుమించు పంచదారలాగే పెంచుతుంది. పావు కిలో బెల్లంతో చేసిన కేక్‌ని పన్నెండు ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో దాదాపు నాలుగు చెంచాల తీపి ఉంటుంది. డాక్టర్ సరేనంటే మామగారికి అందులో సగం, భోజనంతో పాటే పెట్టి, ఆ పూట అన్నం కొంచెం తగ్గించండి. రాత్రి భోజనం మాత్రం మానొద్దు. పచ్చిగుడ్డు కలిపిన పిండి గిన్నెను పిల్లల్ని నాకనివ్వకండి.