ఇంజన్ బోరుకొచ్చింది: పని చేయించాలా, బండి మార్చాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. నాకు 2017 మోడల్ డీజిల్ పికప్ వ్యాన్ ఉంది, నేనే తోలతాను. ఎక్కువగా బెంగళూరుకు టమాటా లోడు. ఇప్పటికి 4.2 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ కొడుతోంది. ఇంజన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయని, పనికి లక్షా పదిహేను వేలవుతుందని మెకానిక్ అన్నాడు. షోరూమ్‌లో అడిగితే పాతదానికి 3 లక్షల ధర కట్టారు. కొత్తది అన్నీ కలిపి 10.5 లక్షలు. మిగతా 7.5 లక్షలకు 8 శాతం వడ్డీ, నాలుగేళ్లు, నెలకు 20,625 కిస్తీ అన్నారు. ఖర్చులన్నీ పోను నెలకు సగటున 38 వేలు మిగులుతుంది. అన్‌సీజన్‌లో 20 వేలు కూడా రాదు. బ్యాంకులో 2.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. మా ఆవిడ తన గాజులు కుదువ పెట్టయినా కొత్తదే తీసుకుందామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 8 శాతం సంగతి తేల్చుకుందాం. అది ఫ్లాట్ వడ్డీ. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, నాలుగేళ్లూ మొత్తం 7.5 లక్షలు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కగట్టి ఏడాదికి 60 వేల చొప్పున 2.4 లక్షలు వేశారు. బ్యాంకులు వాడే తగ్గే బాకీ లెక్కలో చూస్తే ఇది దాదాపు 14.4 శాతం. అదే అప్పు 11 శాతానికి తగ్గే బాకీ పద్ధతిలో దొరికితే కిస్తీ 19,400 దగ్గర ఉంటుంది, మొత్తం వడ్డీ 1.8 లక్షలు. తేడా 60 వేలు. మీ ఇంజన్ పనిలో సగం ఖర్చు ఆ ఒక్క మాటలోనే దాగి ఉంది. కొత్త బండి కొన్నా కొనకపోయినా, ఎవరైనా శాతం చెప్పగానే 'ఫ్లాటా, తగ్గేదా' అని అడగండి.

ఇక ఇంజన్. 4.2 లక్షలు అనగానే బండి అయిపోయిందని భయపడక్కర్లేదు. ఎన్ని కిలోమీటర్లు అన్నదాని కంటే అవి ఎలాంటి కిలోమీటర్లు అన్నది ముఖ్యం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ ఇంకా పైదాకా ఎక్కి ఉండదు, అరుగుదల అప్పుడే ఎక్కువ. ఊళ్లో పదిసార్లు ఆపి పదిసార్లు స్టార్ట్ చేస్తూ సిలిండర్లు, వాటర్ క్యాన్లు వేసే బండి లక్షన్నరకే నీరసపడొచ్చు. మీది ఒకసారి వేడెక్కితే గంటల తరబడి ఒకే గేరులో పోయే రూటు, పైగా ఒకే చేతి బండి. అలాంటి ఇంజన్‌కు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి సరిగ్గా బిగిస్తే ఇంకో లక్షన్నర కిలోమీటర్లు లెక్కలోకి తీసుకోవచ్చు. మా బాబాయి లారీ రెండుసార్లు బోరు చేయించుకుని కూడా చాన్నాళ్లు తిరిగింది. మూడోసారి ఆయనే వద్దన్నాడు, అప్పటికి ఛాసీ (బండి అడుగు ఫ్రేము) పగుళ్లిచ్చింది.

అయితే మెకానిక్ మాట మీద ఇంజన్ విప్పించకండి. ఆయిల్ తాగడానికి బోరు అరగడం ఒక్కటే కారణం కాదు. టర్బో సీలు పోయినా, వాల్వ్ సీళ్లు గట్టిపడినా తాగుతుంది. వాటి ఖర్చు బోరు పని ఖర్చులో చిన్న భాగం. పొగ ఏ రంగులో ఉందో మీరు రాయలేదు. నీలం రంగైతే ఆయిల్ కాలుతోంది. నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టర్లో. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. ఆయిల్ పోసే మూత తీస్తే గాలి బుసబుసా తంతోందా? మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దాన్నే, బోరు అరుగుదలకు అదొక గుర్తు. ఒక్కో సిలిండర్‌కూ కంప్రెషన్ టెస్ట్ (లోపల ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలిచే పరీక్ష) చేయించి, నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఒక్కటే బాగా తక్కువుంటే కథ వేరు, నాలుగూ పడిపోతే మీ మెకానిక్ చెప్పింది నిజమే.

నిజమే అనుకుని లెక్క వేద్దాం. 1.15 లక్షలు అన్నారు కానీ విప్పాక అంతటితో ఆగదు. క్రాంక్ గ్రైండింగ్, ఆయిల్ పంప్, ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, బండి నిలబడిన పది పన్నెండు రోజుల సంపాదన, అన్నీ కలిపి 1.6 లక్షలు పెట్టుకోండి. లక్షన్నర కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు రూపాయి పైచిలుకు. ఈలోగా బండి రేటు 3 లక్షల నుంచి లక్షన్నరకు పడుతుందనుకుంటే ఇంకో రూపాయి. పాత బండి కదా, పట్టీలు, బుష్‌లు, గేర్‌బాక్స్ అంటూ ఇంకో అర్ధ రూపాయి వేసుకుందాం. మొత్తం 2.60.

కొత్తది నాలుగేళ్లలో, నెలకు 4,000 చొప్పున 1.92 లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. అప్పటికి 5 లక్షలు పలుకుతుందనుకున్నా 5.5 లక్షలు తరుగు, 2.4 లక్షలు వడ్డీ. కిలోమీటరుకు 4.10. కొత్తదానికి ఇన్సూరెన్స్ ఎక్కువ, పాతదానికి ఆగిపోయే రోజులు ఎక్కువ, ఆ రెండూ చెల్లుకు చెల్లు అనుకుందాం.

తేడా రూపాయిన్నర, నెలకు 6 వేలు. చాలామంది అనుకునేంత పెద్ద తేడా కాదిది. నెలంతా లోడు, నెలంతా ఆదాయం ఉండే మనిషికి 'ఆ 6 వేలు పోతే పోనీ, కొత్తది తీసుకుని నిమ్మదిగా ఉండు' అనే చెప్పేవాణ్ణి. మీ విషయంలో నన్ను ఆపింది అన్‌సీజన్. 20 వేలు రాని నెలలో 20,625 కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? మార్కెట్లో టమాటా ధర పడి రైతు కాయ కోయకుండా వదిలేసిన రోజున మీకు లోడు ఉండదు, ఫైనాన్స్ వాళ్లకు మాత్రం తారీఖు ఉంటుంది. రెండు కిస్తీలు తప్పితే పెనాల్టీ, సిబిల్ స్కోరు (అప్పుల రికార్డు) దెబ్బతినడం, బండి గుంజుకుపోతారన్న టెన్షన్. కాబట్టి నా సలహా, కంప్రెషన్ టెస్టులో బోరు అని తేలితే, సీజన్ తగ్గాక పని చేయించండి.

అప్పటిదాకా నడపొచ్చా? నడపొచ్చు. నెలకు నాలుగు లీటర్ల ఆయిల్, లీటరు 400 అనుకున్నా 1,600 రూపాయలు. సీజన్‌లో బండి పన్నెండు రోజులు నిలబెట్టడం కంటే అది చవక. కానీ ఇలాంటి ఇంజన్‌లో పట్టేదే ఆరేడు లీటర్లు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూడకుండా వారాలు వదిలేస్తే బేరింగు పట్టేసి క్రాంక్ పోతుంది, అప్పుడు ఖర్చు రెట్టింపు.

డబ్బుకు ఎఫ్‌డీ తెంపొద్దు. అదే బ్యాంకులో ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని ఇచ్చే అప్పు) అడగండి. సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు ఇస్తారు. 1.6 లక్షలు తీసుకుని, సగటున నెలకు 6 వేలు కట్టుకుంటూ పోతే రెండున్నరేళ్లలో తీరుతుంది. సీజన్‌లో 12 వేలు, ఖాళీ నెలలో వడ్డీ మాత్రమే కట్టినా అడిగేవాళ్లుండరు. కిస్తీ అప్పులో ఈ వెసులుబాటు ఉండదు. తీరాక ఆ 6 వేలే ఆర్‌డీలోకి మళ్లించండి. మూడేళ్లు దాటేసరికి పెరిగిన ఎఫ్‌డీ, పాత బండి ధర కలిపి చేతిలో 4 లక్షల దాకా ఉంటుంది. అప్పుడు కొత్త బండికి షోరూమ్‌కు వెళ్లండి.

పని చేయించేటప్పుడు రింగులు మాత్రం మార్చి సరిపెట్టే 'హాఫ్ ఇంజన్' పనికి ఒప్పుకోకండి. లేత్ షాపులో బోరు, క్రాంక్ కొలతలు చూసి రాయించుకోండి. రేడియేటర్ క్లీన్ చేయించి, కొత్త థర్మోస్టాట్ వేయించండి. మన వైపు నీళ్ల సంగతి తెలిసిందే, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తూ పోతే లోపల సున్నం పేరుకుని ఇంజన్ వేడెక్కుతుంది, మళ్లీ బోరుకే వస్తుంది. కూలెంట్ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. మొదటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు ఫుల్ లోడు ఎత్తకండి, ఆ తర్వాత ఆయిల్ ఒకసారి ముందే మార్పించండి. బెంగళూరు చేరగానే టక్కున ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే టర్బోకు మంచిది.

నా సలహా తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. ఛాసీలో పగుళ్లుంటే, గేర్‌బాక్స్ కూడా చేతులెత్తేస్తే, విప్పకముందే అంచనా 2 లక్షలు దాటితే ఉన్నదున్నట్టు అమ్మేయండి. విప్పిన ఇంజన్‌తో అమ్మితే ధర బాగా పడిపోతుంది. నెలకు ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగే స్థిరమైన కాంట్రాక్టు దొరికినా కొత్తదే మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొత్త ధరలు కొంచెం దిగాయి, ఆ వెంటే పాత బళ్ల రేట్లూ దిగుతాయి. మీ బండికి ఎనిమిదేళ్లు దాటాయి, ఇక ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. నీలం పొగతో వెళ్తే అక్కడా తిప్పలే.

'కొత్త బండి కొంటే టాక్స్ కలిసొస్తుంది' అని ఎవరైనా అంటే నమ్మకండి. పది బళ్లలోపు ఉన్నవాళ్లు చాలామంది వాడే, ఆదాయపు పన్నులో ఇన్నాళ్లూ 44ఏఈ సెక్షన్ అని పిలిచిన పద్ధతిలో మీలాంటి చిన్న బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపిస్తే చాలు. అందులో తరుగు, వడ్డీ, రిపేరు బిల్లులు విడిగా తగ్గించుకోవడం ఉండదు. ఇన్సూరెన్స్ కూడా అరిగిపోయిన ఇంజన్‌కు డబ్బివ్వదు.

మీ ఆవిడ గాజులు చేతికే ఉండనివ్వండి. ఆమె భయం బండి దారిలో ఆగిపోతుందని అయితే, కంప్రెషన్ టెస్ట్ కాగితం ఆమెకూ చూపించి, ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. ఈలోగా రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి చూడండి, సీటు వెనక రెండు లీటర్ల ఆయిల్ డబ్బా పెట్టుకోండి.